నాలుగు చిల్లుల పట్టీ

షెడ్డు నుంచి,
మధ్యాహ్నం, మిషను చల్లారేలోపు

వదినా,

ఈ పార్శిల్ మీ లాండ్రీ చిరునామాకే పంపుతున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే ఉన్న ఒక్క గదిలో అన్నయ్య పక్కనే ఉంటాడు. నువ్వు "ఆఁ, ఊఁ" తప్ప ఇంకేమీ అనలేవు. ఆయన మాత్రం ఆ ఆఁ ఊఁల్లోనే అంతా అర్థం చేసుకుని మొహం మాడ్చుకుంటాడు. ఉత్తరాలే నయం.

పిడి సాగిపోయిందని నువ్వు పంపిన ఫోటో చూశాక తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పక్షవాతం వచ్చి కుడి చేతి వేళ్ళు ముడుచుకుపోయాక, ఆ పిడికిలికి సరిగ్గా సరిపోవాలని ఎన్నిసార్లు కొలిచి ఎన్నిసార్లు మార్చానో నీకు తెలుసు. మూడు చక్రాల బండికి ముందు చేత్తో తిప్పే పెడళ్ళున్నాయి కదా, కుడివైపు దానికి ఈ పిడి బిగిస్తే చెయ్యి అందులో కూర్చుంటుంది, ఎడం చేత్తో కలిపి తిప్పుకుంటూ మార్కెట్లో తాళాలు బాగుచేసే తన బల్ల దగ్గరికి తనే వెళ్ళొస్తాడు అనుకున్నాం. వెళ్ళాడు కూడా పాపం. ఎండలు ముదరగానే పిడి మెత్తబడి కూర్చుంది. అది పీఎల్‌ఏ అనే రకం ప్లాస్టిక్. ప్లాస్టిక్ తీగని కరిగించి పొర మీద పొర పోసే నా త్రీడీ ప్రింటింగ్ మిషను మీద చెప్పినమాట వింటుంది. అల్మారాలో పెట్టుకునే బొమ్మలకి బాగుంటుంది. రోజంతా ఎండలో నిలబడే బండికి పనికిరాదు.

ఇనుముతో చేయించమని మళ్ళీ అనకు. ఆ చేతికి వేడి తెలియక బొబ్బలెక్కిన సంగతి మర్చిపోయావా? కాబట్టి ప్లాస్టిక్కే కావాలి, కానీ ఎండకీ వానకీ ఓర్చుకునేది కావాలి. ఓర్చుకుంటామని చెప్పుకునేవి నాలుగు రకాలున్నాయి. నాలుగింటినీ పట్టీలుగా తీసి పంపుతున్నాను. అన్నీ నల్లవే, కలిసిపోకుండా చిల్లులు పెట్టాను. ఒక చిల్లుది పీఈటీజీ, రెండు చిల్లులది ఏబీఎస్, మూడు చిల్లులది నైలాన్, నాలుగు చిల్లులది ఏఎస్ఏ. పేర్లతో నీకు పనిలేదు, చిల్లులు లెక్కపెట్టుకుంటే చాలు. మీ ఇంటి మేడ మీద పిట్టగోడకి వరసగా బిగించి, ఒక్కోదాని కొసకి ఒక నీళ్ళ సీసా వేలాడదీయి. రెండు నెలలు ఉంచితే ఏది వంగుతుందో ఏది పగులుతుందో తేలిపోతుంది. మా షెడ్డు చుట్టూ ఎత్తు మేడలే, ఎండ మొహం చూసే యోగం లేదు. ఉంటే నిన్ను ఇబ్బంది పెట్టేదాన్ని కాదు.

జాగ్రత్తగా చూసుకో వదినా. వీటి మీదే అంతా ఆధారపడి ఉంది.

నీ మరదలు


లాండ్రీ గది,
ఇస్త్రీ బల్ల మీద

ఇంజనీరమ్మగారికి,

రెండు నెలలా తల్లీ! రెండు నెలలు ఆ బండి ఎవరు నెడతారు, మీ షెడ్డు ఓనరా?

పొద్దున్నే లేచి, వంట చేసి, మీ అన్నయ్యని బండిలో కూర్చోబెట్టి, వంతెన ఎక్కించి, దింపి, మార్కెట్ మలుపు దాకా నెట్టుకెళ్తాను. మలుపు రాగానే "ఆగు" అంటారు. నేను ఆగాలి. అక్కణ్ణించి ఎడం చెయ్యి ఒక్కదానితో పెడలు తిప్పుకుంటూ, బండి ఒక పక్కకే లాగుతుంటే గోడ రాసుకుంటూ తన బల్ల దాకా పోతారు. పెళ్ళాం నెట్టుకొచ్చిందని ఎవరికీ తెలియకూడదట! మార్కెట్లో ఉల్లిపాయలమ్మే ఆవిడ దగ్గర్నుంచీ అందరికీ తెలుసు. నేను మలుపులో స్తంభం చాటున నిలబడితే "అమ్మా, ఇంకా చేరలేదు, అక్కడే ఉండు" అని ఆవిడే నాకు చేతులూపి చెప్తుంది.

అక్కణ్ణించి పరుగెత్తుకుంటూ లాండ్రీకి. మా సూపర్‌వైజరు నావంక చూడదు, గోడ గడియారం వంక చూస్తుంది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంకో సంగతి. మీ అన్నయ్య బల్లకి ఎదురుగా ఎవడో తాళంచెవులు కోసే యంత్రం తెచ్చి పెట్టాడు. కుర్చీ కూడా కాదు, స్టూలు వేసుకుని కూర్చుంటాడు, ఎప్పుడు ఈయన బల్ల ఉన్న మూల ఖాళీ అవుతుందా అని. ఈయన ఎడం చేత్తో ఆకురాయి పట్టి తాళంచెవి రుద్దడం ఎంత కష్టపడి నేర్చుకున్నారో నేను చూశాను. నాలుగు రోజులు వెళ్ళకపోతే ఆ మూల వాడిదే. మూల పోతే మనిషి మంచం దిగరు. ఇది నీకు తెలియాలని రాస్తున్నాను.

పట్టీలు కట్టాను. చూసుకోమని నాకు చెప్పాలా? ఎండలో వేసినవాటిని చూసుకోవడంలో ఈ లాండ్రీలో నన్ను మించినవాళ్ళు లేరు.

నీ వదిన


షెడ్డు నుంచి,
పక్కనే మిషను మొరాయిస్తుండగా

వదినా,

నీ ఉత్తరం చదివి, పరీక్ష పూర్తయ్యేలోపే నాలుగు రకాలతోనూ పిడి తీయడం అలవాటు చేసుకుందామని కూర్చున్నాను. కూర్చున్న పాపానికి తల ప్రాణం తోకకి వచ్చింది.

ఒక చిల్లుది బంగారం. తీశాను, వచ్చింది. రెండు చిల్లులది కాస్త ఏడిపించి వచ్చింది. మూడు చిల్లులది గాలిలో చెమ్మంతా పీల్చుకుని మిషను మూతి దగ్గర చిటపటమంటుంది, ముందు రోజే పొయ్యిలో ఆరబెట్టుకోవాలి. సరే, ఆరబెట్టాను. నాలుగు చిల్లులది ఉంది చూశావూ, ఆ ఏఎస్ఏ, దాని సంగతి ఏం చెప్పమంటావు! పట్టీ అంటే సన్నంగా ఉంది కాబట్టి ఎలాగో వచ్చింది. పిడి తీయబోతే సగం అయ్యేసరికి కింద మూలలు పైకి లేస్తాయి. కాస్త గాలి తగిలితే చాలు, పొరకీ పొరకీ మధ్య పగులు. తలుపులూ కిటికీలూ మూసేస్తే ఆ వాసనకి నాకు కళ్ళు తిరుగుతాయి. తెరిస్తే అది పగులుతుంది. ఇద్దరిలో ఒకరే బతకాలన్నట్టుంది వ్యవహారం. పై వాటాలో ఉండే ఇంటాయన దిగొచ్చి "ఏం కాలుస్తున్నారమ్మా?" అన్నాడు. "నా కర్మ కాలుస్తున్నానండీ" అన్నాను. నవ్వలేదు.

ఇప్పటికి ఎన్ని పిడులు చెత్తబుట్టలో పడ్డాయో లెక్కపెట్టడం మానేశాను. నిజం చెప్పనా, ఏది గెలిచినా పర్లేదు, ఆ నాలుగు చిల్లులది మాత్రం గెలవకూడదని కోరుకుంటున్నాను.

పట్టీలు ఎలా ఉన్నాయి? ఏదైనా వంగిందా? ఒక్క ముక్క రాయడానికి ఏమైంది?

మరదలు


లాండ్రీ గది,
దుప్పట్లు మడతపెట్టాక

మరదలా,

నీ పరీక్ష అయిపోయింది. నాలుగూ దించాను. ఎండలు పోయాయి, రెండు మంచి వానలు కూడా పడ్డాయి. ఒక్కటీ చెక్కు చెదరలేదు. నువ్వు పంపిన రోజు ఎలా ఉన్నాయో అలాగే నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఒక్కటీ వంగలేదు, పగల్లేదు. అన్నీ మంచివే. ఇంక ఏది నీ మిషను వింటే దానితో చేసి పంపించు, ఆలోచనలు చాలు.

ఎందుకంటే మొన్న మీ అన్నయ్య "ఇవాళ వద్దులే" అన్నారు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందన్నారు. మర్నాడూ అదే మాట. మూడో రోజు నేను అరిచాను, వచ్చి బండిలో కూర్చున్నారు. మలుపు దగ్గర "ఆగు" అని కూడా అనలేదు. నేనే ఆగాను. ఆయన వెనక్కి తిరిగి, "నెట్టు, ఇంకెందుకు దాపరికం" అన్నారు.

మలుపు దగ్గర ఆగమన్నప్పుడల్లా ఆయన్ని మనసులో తిట్టుకున్నదాన్నే కదా, ఆ రోజు ఆగమంటే బాగుండునని ఏడ్చినంత పనిచేశాను.

తొందరగా పంపించు.

వదిన


షెడ్డు నుంచి

వదినా,

పిడి ఈ పెట్టెలోనే ఉంది. ఒక చిల్లు రకంతో, అంటే పీఈటీజీతో చేశాను. నాలుగూ గెలిచాయంటే ఆశ్చర్యంగానే ఉంది, కానీ నువ్వు రాసింది చదివాక ఇంకో రోజు ఆగడానికి మనసొప్పలేదు. ఏఎస్ఏ పీడ వదిలింది. పిడిని పెడలుకి బిగించే ఇనప పట్టాని మరీ గట్టిగా తిప్పొద్దని అన్నయ్యతో చెప్పు.

మొదటి రోజు ఎలా వెళ్ళాడో రాయి. తప్పకుండా రాయి.

మరదలు


ఇంటి నుంచి,
గడప మీద కూర్చుని

మరదలా,

వెళ్ళారు! తనే వెళ్ళారు. నేను వెనక వస్తానంటే "నువ్వొస్తే నేను ఎక్కను" అన్నారు. తలుపు సందులోంచి వీధి చివరిదాకా చూశాను. అక్కడ వంతెన ఎక్కేటప్పుడు బండి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది. సాయంత్రం వచ్చి "టీ పెట్టు" అన్నారు, దొరగారిలా.

లాండ్రీకి వేళకి వెళ్ళాను. సూపర్‌వైజరు గడియారం వంక చూసి, అది ఆగిపోయిందేమోనని దగ్గరికెళ్ళి మరీ చూసింది.

వదిన


షెడ్డు నుంచి

వదినా,

ఇది మూడో ఉత్తరం. మొదటి రెంటికీ జవాబు లేదు. ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తి "బాగానే ఉన్నాం, నీ పని చూసుకో" అని పెట్టేశాడు. ఆయన ఎప్పుడైనా అలా పెట్టేస్తాడా? నువ్వు నా మీద అలిగావా? నేనేమన్నానని? బెల్లం కొట్టిన రాయిలా ఇద్దరూ ఊరుకుంటే నేనిక్కడ ఏమని అనుకోవాలి?

పిడి ఎలా ఉంది? పట్టా దగ్గర వదులైందా? తిట్టాలనుంటే తిట్టు, కానీ ఏదో ఒకటి రాయి.

మరదలు


లాండ్రీ గది,
ఎవరూ లేనప్పుడు

మరదలా,

రాయొద్దన్నారు మీ అన్నయ్య. నీకు తెలిస్తే పరుగెత్తుకొస్తావని, వచ్చి ఏడుస్తావని. నేను కూడా సరే అన్నాను. కానీ నీ మూడో ఉత్తరం చదివాక దాచడం నా వల్ల కాలేదు.

పడిపోయారు. వానలు వెనకబట్టి మళ్ళీ పెళపెళా ఎండ కాసింది కదా, ఆ రోజుల్లో. మధ్యాహ్నం ఇంటికి వస్తూ వంతెన దిగుతున్నారట. పిడి పట్టా దగ్గర సాగిపోయి, పెడలు మీద నుంచి ఊడి, చేతితో సహా వచ్చేసింది. ఎడం చెయ్యి ఒక్కటే తిప్పుతుంటే బండి పక్కకి తిరిగి మురుగుకాలవలోకి పోయింది. ఎవరో ఎత్తి ఇంటికి తెచ్చారు. పడేటప్పుడు ఎడం చెయ్యి ఆన్చారు. మణికట్టు బెణికింది. అర్థమైందా? ఉన్న ఒక్క చేతికీ కట్టు. అన్నం నేనే కలిపి పెడుతున్నాను. నోరు తెరుస్తారు, నావంక చూడరు.

ఆ మూలలో ఇప్పుడు యంత్రం వాడి బల్ల ఉంది.

నీమీద నాకు కోపం లేదనుకోకు, ఉంది. చాలా ఉంది. నీ పట్టీలు నాలుగూ ఇప్పటికీ చూడు, కొత్తవాటిలా ఉన్నాయి! అదే ప్లాస్టిక్ అని చెప్పి ఇంకేదో నాసిరకంతో పిడి చేశావా ఏంటి? నేనెంత జాగ్రత్తగా చూసుకున్నాను వాటిని! పొద్దున్నే పనికి వెళ్తూ తడి దుప్పటి కప్పి వెళ్ళేదాన్ని, ఎండ సూటిగా తగిలితే రంగు పోతుందని. సాయంత్రం నీరెండలో మళ్ళీ తీసేదాన్ని. మబ్బు పడితే ఎదురింటావిడకి చెప్పి లోపల పెట్టించేదాన్ని. ఒక్క చినుకు పడనివ్వలేదు. సీసాలు గాలికి కొట్టుకుని పట్టీలు గీసుకుపోతున్నాయని అవి కూడా విప్పేశాను. ఇంతకంటే ఎవరు చూస్తారు?

వదిన


షెడ్డు నుంచి

వదినా!

తడి దుప్పటా!

ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. తడి దుప్పటి కప్పావా! సీసాలు విప్పేశావా! చినుకు పడనివ్వలేదా! వదినా, అవి నీ లాండ్రీ దుప్పట్లు కాదు. వాటిని నేను పంపించిందే పాడైపోవడానికి! ఎండకి మాడి, వానకి నాని, సీసా బరువుకి వంగి, ఏది ముందు చస్తుందో చూడ్డానికి పంపాను. నువ్వు వాటికి నీడ పట్టి, గొడుగు పట్టి, బరువు దించి సాకావు! నీడలో చల్లగా పడుకుంటే నేను కూడా కొత్తదాన్లా నిగనిగలాడతాను!

ఎండలో ఆ పట్టా దగ్గర పీఈటీజీ మెల్లగా సాగుతుందని నీ పిట్టగోడే మొదటి వారంలో చెప్పి ఉండేది. చెప్పనిచ్చావా? అన్నయ్య పడ్డాడు. ఎడం చేతి మీద పడ్డాడు. నాసిరకం ప్లాస్టిక్ పెట్టానంటావా నన్ను! నా అన్నయ్యకా?

రోడ్డు మీద బండి నిలబెట్టినప్పుడు దాని మీద తడి దుప్పటి కప్పడానికి నువ్వు వెళ్తావా రోజూ?

ఇంక రాయలేను.


ఇంటి నుంచి,
మీ అన్నయ్య ఎదురుగానే

ఇంజనీరమ్మా,

అరిచావు కదా, ఇప్పుడు విను.

నీ ఉత్తరాల్లో ఎక్కడైనా "పాడవనివ్వు" అని రాశావా? తీసి చూశాను. "జాగ్రత్తగా చూసుకో" అని ఉంది. ఎండలో వేసినదాన్ని జాగ్రత్తగా చూసుకోవడం అంటే నా పనిలో అదే. పెళ్ళైనప్పట్నించీ దుప్పట్లు ఆరేస్తున్నదాన్ని. మబ్బు చూస్తే నా కాళ్ళు వాటంతటవే మేడ మెట్లెక్కుతాయి. చేతులారా ఒకదాన్ని పాడుచేయమని నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. చదువుకున్నదానివి, నాలుగూ కొత్తవాటిలా ఉన్నాయంటే నీకు అనుమానం రాలేదా? ఆ నాలుగు చిల్లులదానితో పేచీ తప్పుతుందని సంబరపడి ఊరుకోలేదూ?

ఒళ్ళు మండి, నీ ఉత్తరం మీ అన్నయ్య ముందే పైకి చదివాను. ఒక్క ముక్క వదలకుండా. తర్వాత నా నాలుక కరుచుకున్నాను. "ఎన్నాళ్ళనుంచి రాసుకుంటున్నారు నా గురించి?" అన్నారు ముందు. మొహం నల్లబడింది. నేను ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. తడి దుప్పటి దగ్గరికి వచ్చేసరికి ఏదో శబ్దం వచ్చింది. దగ్గు అనుకుని నీళ్ళు తేబోయాను. దగ్గు కాదు. నవ్వుతున్నారు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, "సీసాలు కూడా విప్పేశావా?" అని మళ్ళీ నవ్వారు. నాకేమీ నవ్వు రాలేదని గమనించగలవు.

నవ్వడం అయ్యాక "కిందికి తీసుకురా వాటిని" అన్నారు. వాకిట్లో గోడకి మేకులు కొట్టించి, సీసాలు మళ్ళీ కట్టించి, ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పొద్దుగూకులూ అక్కడే. నేను బట్టల బుట్ట పట్టుకుని అటువైపు వెళ్తే చాలు, "ఏయ్, దూరం!" అంటారు. నిన్న వాన పడితే తను గుమ్మంలోకి జరిగారు, పట్టీల్ని తడవనిచ్చారు. నాకు చేతులు దురద పెట్టాయి. పంటి బిగువున ఊరుకున్నాను.

నీమీద కోపం పోలేదు. సగం ఉంది.

వదిన


షెడ్డు నుంచి,
పాత బీరువా పక్కన

వదినా,

అనుమానం వచ్చింది. అడిగావు కాబట్టి చెప్తున్నాను. వచ్చినా ఊరుకున్నాను. నువ్వన్నట్టు ఆ పీడ తప్పిందనే సంబరం. అందుకే నీమీద అంతగా అరిచానేమో. ఇక దీని గురించి ఇద్దరం మాట్లాడుకోవద్దు, మాట్లాడితే మళ్ళీ మొదలవుతుంది.

ఏఎస్ఏకి గాలి తగలకూడదు, నాకు దాని వాసన తగలకూడదు. పాతసామాన్ల కొట్లో ఒక ఇనప బీరువా దొరికింది. అరలు పీకేసి మిషను లోపల పెట్టాను. వెనక చిల్లు పెట్టి గొట్టం ఒకటి కిటికీ బయటికి తీశాను. తలుపు మూస్తే లోపల అదే వెచ్చబడుతుంది. మొదటి పిడి మూలలు లేచాయి. రెండోది సగంలో కరెంటు పోయింది. మూడోది పూర్తయ్యింది, సంతోషం పట్టలేక వేడి మీదే తలుపు తీశాను, నా కళ్ళ ముందే టప్‌మని పగిలింది. బీరువా తలుపుకి తాళం వేయించుకుని తాళంచెవి ఎవరికైనా ఇవ్వాలేమో. నాలాంటిదానికి అదే దారి.

అన్నయ్య పట్టీలు ఏమంటున్నాయి? చేతి కట్టు విప్పారా?

మరదలు


ఇంటి నుంచి,
మీ అన్నయ్య చెప్తుంటే నేను రాస్తున్నాను

మరదలా,

కట్టు విప్పారు. ఎడం చేత్తో చెంచా పట్టుకుని తింటున్నారు, నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. ఇక ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయమన్నారు, రాస్తున్నాను.

"ఒక చిల్లుది వంగింది. రోజుకి కొంచెం, కంటికి కనిపించనంత. సీసా ఇప్పుడు నేలకి తగులుతోంది. ఎండ ఎక్కువున్న రోజు వేలితో నొక్కితే నొక్కినట్టే ఉండిపోతోంది. మూడు చిల్లులది ఎండకి బాగానే ఉంటుంది, వాన పడితే ఉబ్బి వేలాడుతుంది, ఆరితే సగమే వెనక్కి వస్తుంది, అలాంటివాళ్ళని నమ్మకూడదు. రెండు చిల్లులది చాలా రోజులు మగాడిలా నిలబడింది. తర్వాత పైన తెల్లగా బూడిద లేచింది. మొన్న వంచి చూశాను, పుల్లలా విరిగింది. నాలుగు చిల్లులది ఏమీ అనదు. ఆకురాయితో రుద్దితే లోపలా పైనా ఒకటే నలుపు. అదే చెయ్యి. చెయ్యలేకపోతే చెప్పు, చెక్కతో చెక్కుకుంటాను."

అయిపోయింది. "చెయ్యలేకపోతే" దగ్గర గొంతు పెంచారు. నువ్వు వినాలని.

వదిన


షెడ్డు నుంచి

వదినా, అన్నయ్యా,

చెక్క అక్కర్లేదు. పెట్టె విప్పండి.

బీరువా తలుపు తీయకుండా పొద్దుటిదాకా జబ్బుమనిషి మంచం పట్టె పట్టుకుని కూర్చున్నట్టు కూర్చున్నాను. మూలలు లేవలేదు. పగల్లేదు. పట్టా బిగించే చోట రెట్టింపు మందం పెట్టాను. ఇది కూడా పోతే నేను ఈ మిషను అమ్మేసి ఉల్లిపాయలు అమ్ముకుంటాను.

మరదలు


లాండ్రీ గది,
ఇంటికి వెళ్ళబోతూ

మరదలా,

పిడి రాగానే ఎక్కలేదు. మీ అన్నయ్యకి ఇప్పుడు దేని మీదా నమ్మకం లేదు. పెడలుకి బిగించి, బండిని ఎండలో నిలబెట్టి, వారం రోజులు ఎదురుగా కూర్చుని చూశారు. వేడెక్కిన వేళ చూసి ఒంటి బరువంతా వేసి లాగారు. ఆ తర్వాత ఎక్కారు.

యంత్రం వాడు మొదట చూడనట్టు ఊరుకున్నాడట. తర్వాత బల్ల కాస్త జరిపాడట. సగం మూల దక్కింది. తుప్పు పట్టిన పాత తాళాలు యంత్రానికి లొంగవు కాబట్టి వాడే ఈయన దగ్గరికి పంపిస్తున్నాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ బాగానే ఉన్నారు.

ఇవన్నీ నీకు ఫోన్లో చెప్పేసేదాన్ని. నిన్నటి సంగతి చెప్పాలనే ఉత్తరం.

నిన్న ఆయన వచ్చే వేళకి రాలేదు. సర్లే, ఏదో పని తగిలిందేమో అనుకున్నాను. టీ చల్లారింది. మార్కెట్‌కి వెళ్ళాను, బల్లకి తాళం వేసి ఉంది. యంత్రం వాడు "ఎప్పుడో వెళ్ళిపోయాడమ్మా" అన్నాడు. వంతెన దిగే చోట మురుగుకాలవలోకి వంగి చూశాను. అటు వైపూ చూశాను. నీ పిడిని, నిన్ను, నీ బీరువాని, పేరు పేరునా తిట్టుకుంటూ వీధులన్నీ తిరిగాను. ఏమీ తోచక ఇంటికి వచ్చి గడపలో కూలబడ్డాను. అప్పుడు వచ్చారు. తాపీగా, పెడలు తిప్పుకుంటూ. చక్రాల నిండా ఇసుక.

"ఎక్కడికెళ్ళారు?" అన్నాను.

"ఎక్కడికీ లేదు."

"ఎక్కడికీ లేకపోతే ఇంతసేపు ఏం చేశారు?"

"ఊరికే. అలా తిరిగొచ్చాను."

అరిచాను మరదలా. ఎదురింటావిడ బయటికి వచ్చేదాకా అరిచాను. ఒక్క మాట చెప్పి వెళ్తే నోరు అరిగిపోతుందా అని, నా ప్రాణాలు ఏమైపోయాయో తెలుసా అని. ఆయన విన్నారు. అంతా విని, చెయ్యి కడుక్కుని, టీ వెచ్చబెట్టమన్నారు.

టీ వెచ్చబెడుతుంటే ఏడుపొచ్చింది. కోపంతో అనుకున్నాను మొదట. కాదు. జబ్బు చేసినప్పట్నించీ ఆయన్ని పని దగ్గరికి నెట్టాను, ఆసుపత్రికి నెట్టాను, మంగలి దగ్గరికి నెట్టాను. ఊరికే ఎక్కడికీ నెట్టలేదు. ఎలా నెడతాను, పనికి వేళవుతుంటే? ఆయన మాత్రం ఎలా అడుగుతారు, "ఏమే, ఊరికే అలా తిప్పుకురా" అని? మనిషికి ఊరికే తిరగాలని ఉంటుందన్న సంగతే నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు చూడు.

ఇవాళ పొద్దున బండెక్కుతూ "సాయంత్రం కొంచెం ఆలస్యమవుతుంది" అన్నారు. ఎక్కడికి అన్నాను. "ఏమో, ఇంకా అనుకోలేదు" అన్నారు. ఎంత పొగరో చూడు మీ అన్నయ్యకి.

నీ వదిన